లీటరుకు నలభై మాట

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. మీరొచ్చిన ట్యాక్సీ బానెట్ ఎత్తి ఉంది. సరుకు అమ్మడానికొచ్చిన కుర్రాడు బొటనవేలంత నల్ల అయస్కాంతం ముక్కలు రెండు తీసి, పెట్రోలు పైపుకి చెరోపక్కా ఆనించి, ప్లాస్టిక్ ట్యాగుతో బిగించాడు. "పద్దెనిమిదిచ్చే బండి నలభై ఇస్తుంది గురువుగారూ. పెట్రోలు పూర్తిగా మండుతుంది!"

డ్రైవర్ ఆశగా మీ వంక చూశాడు. లీటరు వంద దాటాక, నెలనెలా కిస్తీ కట్టుకునేవాడికి ఆ ఆశ తప్పేం కాదు. ఆ ఆశ మీద వ్యాపారం చేయడమే తప్పు.

బండి హైవే ఎక్కింది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతున్నంతసేపూ కుర్రాడు ఏవో కబుర్లు చెప్పాడు. స్క్రూబ్రిడ్జి వైపు దిగబోతుండగా, "యాక్సిలరేటర్ వదిలేయండి, ఇప్పుడు చూడండి" అన్నాడు. స్పీడోమీటరు పక్కన మైలేజీ గీత చరచరా చివరిదాకా పాకింది. డ్రైవర్ మొహం వెలిగిపోయింది.

ట్యాగు కోసేయమనండి. మళ్లీ చుట్టూ తిరిగొచ్చి అదే వాలు దిగమనండి. గీత మళ్లీ చివరిదాకా పాకుతుంది! బండి గేరులో ఉండి మీరు కాలు తీస్తే, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. కంప్యూటర్ ఇంజెక్టర్లని మూసేస్తుంది. దూరం పెరుగుతుంటుంది, పెట్రోలు ఖర్చు సున్నా. ఆ క్షణంలో ఏ బండైనా అంతే చూపిస్తుంది.

ఇక పూర్తిగా మండటం మాట. ఈ కాలపు ఇంజన్‌లో వేసిన పెట్రోలు 97 శాతానికి పైగా ఇప్పటికే మండిపోతోంది. మిగిలిందంతా మండించినా పద్దెనిమిది కాస్తా పద్దెనిమిదిన్నర అవుతుంది. అసలు నష్టం వేడి రూపంలో సైలెన్సర్‌లోంచీ రేడియేటర్‌లోంచీ పోతోంది. పైపు మీది అయస్కాంతం దాన్నెలా ఆపుతుంది? అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలు వందకు పైగా పరిశీలించింది. కాస్తో కూస్తో పనికొచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

డ్రైవర్‌కి ఇంకా మనసొప్పలేదు. సరే, అయస్కాంతం మళ్లీ బిగించి, బంకులో ఆటోకట్ పడేదాకా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, బందరు రోడ్డు పట్టారు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. చెరకు ట్రాక్టరు వెనక నలభై స్పీడులో కాసేపు, దాన్ని దాటాక తొంభైలో కాసేపు. బయట ఎండ, లోపల ఏసీ. కంపెనీ బ్రోషర్లో అంకె పుట్టింది ఇలాంటి దారిలో కాదు. ల్యాబులో, రోలర్ల మీద, ఏసీ ఆపి, ఇరవై నిమిషాల లోపు పరుగులో, గంటకు సగటున 32 కిలోమీటర్ల వేగంతో. అది బండికీ బండికీ పోల్చుకోడానికి పనికొస్తుంది, మీ ఖర్చు లెక్కకి కాదు.

తిరిగొచ్చి అదే బంకు, అదే మిషన్, మళ్లీ ఆటోకట్. 140 కిలోమీటర్లకి 7.8 లీటర్లు పట్టింది. డ్రైవర్ సెల్లులో భాగించాడు. పదిహేడు పాయింట్ తొమ్మిది.

"ఏం మారలేదు సార్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా గాలి చెక్ చేయించాడు. ఉండాల్సింది 33. ముందు రెండింట్లోనూ 26 ఉంది. అక్కడే నిలబడి నింపించుకున్నాడు. ఈసారి ఆదా అయ్యే నాలుగు చుక్కలైనా నిజంగా ఆదా అయ్యేవే.