కృష్ణాముఖమునందలి రేవులు: ఘంటసాల మొదలు బందరు దాఁక

బందరనఁబడు మచిలీపట్టణము మిక్కిలి ప్రాచీనమైన రేవనియు, యవనులు తమ గ్రంథములలోఁ బేర్కొన్న మసాలియా, మైసోలియా శబ్దములు దీనినే చెప్పుచున్నవనియు లోకమునఁ బ్రసిద్ధి కలదు. ఉపాధ్యాయులు బాలురను సముద్రతీరమునకుఁ గొనిపోయి, యవనులు చెప్పిన రేవిదియే యని చూపుచుందురు. ఈ మాటలో సగము సత్యము, సగము భ్రాంతి. ఆ రెంటిని వేఱుపఱచుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఇందులకు వలయు ప్రమాణములు గ్రంథములయందే గాక ఘంటసాల మొదలు మంగినపూడి వఱకుఁ గల స్థలములయందును గన్నులకుఁ గనఁబడుచున్నవి. కావున ముందుగా శబ్దమును విచారించి, పిమ్మట స్థలముల వరుసను బోవుదము.

క్రీస్తుశకము 1వ శతాబ్దినాఁటి 'పెరిప్లస్' అను నావికగ్రంథమున మసాలియా యనునది తీరము వెంబడి విస్తరించిన దేశముగాఁ జెప్పఁబడినది. అచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని యా గ్రంథకర్త వ్రాసెను. 2వ శతాబ్దివాఁడగు టాలమీ మైసోలియాను దేశముగను, మైసోలస్‌ను నదిగను జెప్పి, యా దేశమునందలి వర్తకస్థానములలో నొకదానికిఁ 'గంటకొస్సిల' యని పేరు చెప్పెను. ఆ నది కృష్ణయే యని పెక్కుర మతము. కాఁబట్టి యీ శబ్దము యవనుల వాడుకలో జనపదవాచకమే కాని పట్టణవాచకము గాదు. జనపదనామము కాలక్రమమున నందలి ముఖ్యపట్టణమునకు సంక్రమించుట యసంభవము గాదు. అట్లని శబ్దసాదృశ్యమొక్కటియే ప్రమాణము గానేరదు. ఇఁక 'మచిలీ' యనఁగా హిందూస్థానీలోఁ జేప గావున, పట్టణద్వారమున మత్స్యనేత్రము లమర్చుటచే నీ పేరు గలిగెనను కథ, పేరు పుట్టిన పిదప దానికై పుట్టిన నిరుక్తిగాఁ దోఁచుచున్నది. 'బందరు' శబ్దము మాత్రము నిస్సంశయము. అది పారసీకభాషలో రేవునకు సామాన్యనామము. మనకది రూఢిచే నొక్క యూరికే పేరైనది.

టాలమీ చెప్పిన కంటకొస్సిల ఘంటసాల యని నిర్ణయించుటకు యవనుల సాక్ష్యమునే నమ్ముకొన నక్కఱలేదు. ఘంటసాలలో దొరకిన ప్రాకృతశాసనములలోఁ 'గంటకసోల' నామము గలదు. 3వ శతాబ్దినాఁటి నాగార్జునకొండ శాసనమునఁ 'గంటకసేల' మహాచైత్యము పేర్కొనఁబడినది. ఘంటసాల శాసనములలోనే 'మహానావిక' శబ్దమును గానవచ్చుచున్నది. నావచే దాఁటువాఁడను నర్థమున నౌశబ్దముమీఁద ఠన్ప్రత్యయము రాఁగా నావికశబ్ద మేర్పడునని వైయాకరణు లెఱుఁగుదురు. ఆ శబ్దమునకు మహచ్ఛబ్దము విశేషణమగుటచే, సముద్రయానమున నాయకత్వము వహించిన వారీ యూరి స్తూపముతో సంబంధము గలిగియుండిరని తేలుచున్నది. అచ్చటి శివాలయమునందలి దేవునికి జలధీశ్వరుఁడని పేరు. నేఁడా యూర నిలిచి చూచినచో వరిచేలు కనఁబడును గాని జలధి కనఁబడదు. బౌద్ధస్తూపపు శిథిలములును, జలధీశ్వరనామమును, మహానావికశబ్దమును గలిసి, సముద్రము విడిచిపోయిన రేవున కచ్చట సాక్ష్యము చెప్పుచున్నవి.

సముద్రమేల విడిచిపోయెను? కృష్ణానది యేఁటేఁట వఱదలతోఁ దెచ్చు నొండ్రును ముఖమునఁ బడవైచుచు, భూమిని సముద్రములోనికిఁ బెంచుచుండును. పాయలు పూడి, క్రొత్త పాయలు తెఱచుకొనును. ఇట్టిచోట నొక్క రేవు వేలకొలఁది యేఁడులు నిలుచుట దుర్ఘటము. వ్యాకరణమున స్థానికి బదులుగా నాదేశము వచ్చి దాని కార్యములను దాను వహించునట్లు, కంటకసోల కార్యమును గాలాంతరమున బందరు వహించెను. ఆదేశమును జూచి స్థాని యని భ్రమించుటయే మనవారి పొరపాటు. రేవులు మాఱినవి, ఈ నదీముఖదేశపు వాణిజ్యము మాత్రము మాఱలేదు. లోకప్రసిద్ధిలోని సత్యాంశ మింతియే.

బందరునకు మహోన్నతదశ గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల కాలమునఁ గలిగెను. 1606లో డచ్చివారును, 1611లో నింగ్లీషువారును, 1669లోఁ బరాసులును నిచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. వీరినందఱ నాకర్షించినది ముఖ్యముగా నూలుబట్టయే. కలముతో వ్రాసియు, అచ్చులతో నద్దియు రంగులు వేసిన బట్టలు పారసీకమునకును ఐరోపాకును బోయెను. ఆ యద్దకపుఁ బని బందరునకు సమీపముననున్న పెడనలో నేఁటికిని జీవించియున్నది. కూచిపూడి భాగవతులకును నీ రేవునకును సంబంధము గలదు. 1672లో రాజ్యమునకు వచ్చిన అబుల్ హసన్ తానాషా బందరునకుఁ బోవుచు, మార్గమున వారి నాట్యమును జూచి సంతసించి యగ్రహార మిచ్చెనని యైతిహ్యము.

రేవు బ్రదుకునది యోడలచేతనే కాదు, ధర్మముచేతఁ గూడ. వర్తకులు పత్తనమున నాచారముగా వచ్చు శుల్కభాగము నీయవలయునని యర్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణము చెప్పుచున్నది. కాకతీయ గణపతిదేవుఁడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన యభయశాసనమున, పూర్వరాజులు గాలివానకుఁ బగిలి తీరమునఁ బడిన యోడల సరకును హరించుచుండిరనియు, తాను నియతశుల్కము మాత్రమే కొని తక్కినది విడుచుచున్నాననియుఁ జెప్పించెను. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా యింగ్లీషువారి కేఁటికి 500 వరహాల సుంకముమీఁదఁ దన రేవులలో వర్తకమునకు ననుజ్ఞ యిచ్చెను. మొదటిది వర్తకులందఱకు నభయము. కడపటిది యొక్క కూటమికి విశేషాధికారము. ఉత్సర్గమునకును అపవాదమునకును గల భేదమే యిచ్చటఁ గానవచ్చుచున్నది. అపవాద ముత్సర్గమును బాధించునను న్యాయము చరిత్రయందును ఫలించెను.

ఇఁక బందరునఁ జూడఁదగినవి. ఆ పట్టణమున వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను వాడలు గలవు. హాలండువారు మన నాలుకపై వలందులైరి, ఫ్రెంచివారు పరాసులైరి. డచ్చివారి శ్మశానమున 17వ శతాబ్దినాఁటి సమాధిశిలలపై వంశచిహ్నములును, వారి లిపిలోని వ్రాఁతలును ఎత్తుగాఁ జెక్కఁబడియున్నవి. పట్టణమునకు వెలుపల నుప్పునేలలలో బందరుకోట గలదు. 1759 ఏప్రిల్ నెలలో కర్నలు ఫోర్డు, కోటలోని పరాసు సైన్యముకంటెఁ దన బలము తక్కువయైనను, బురదనేలను దాఁటి రాత్రివేళ దానిఁ బట్టుకొనెను. కోటకు రక్షణమని తలఁచిన బురదయే శత్రువునకు దారియయ్యెను. ఆ విజయముచే నుత్తరసర్కారులలోఁ బరాసుల ప్రాబల్యము నశించెను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన యుప్పెన బందరును, పరిసరగ్రామములను ముంచివైచెను. సుమారు 30,000 మంది మరణించిరి. మఱుసటి యేఁడు కోటనుండి సైన్యము తొలఁగింపఁబడెను. అంతకుఁ బూర్వమే చెన్నపట్టణము వాణిజ్యమును లాగికొనియుండెను. తీరమున లోఁతు లేమిచేఁ బెద్దయోడలు సుమారు 5 మైళ్ల దూరమున లంగరు వేయవలసివచ్చుటయు రేవును గృశింపఁజేసెను. ఘంటసాలను విడిచిన సముద్ర మిచ్చట నొకమాఱు మీఁదఁబడి, పిదప దూరమున నిలిచి, రెండువిధముల బాధించెను.

మంగినపూడి తీరమున నడుగిడినవారికిఁ బాదములక్రింద నల్లని యొండ్రునేల తగులును. కృష్ణ చేయుచున్న భూమి యదియే. ఘంటసాల యేల రేవు గాకపోయెనను ప్రశ్నకుఁ బ్రత్యక్షమైన యుత్తర మచ్చటఁ గలదు. గిలకలదిండిలోఁ జేపలపడవలు నేఁటికిని నిలుచుచున్నవి. తపసిపూడికడఁ గ్రొత్త యోడరేవు పని 2023లోఁ బ్రారంభమైనది. మఱియొక యాదేశము వచ్చుచున్నదన్నమాట.

కావున బాలురకుఁ జరిత్రఁ జెప్పు పండితులకు నా విన్నపము. సముద్రముతోఁ బ్రారంభింపక ఘంటసాలతోఁ బ్రారంభింపుఁడు. మహానావికుని శాసనమునుండి జలధీశ్వరునికడకును, పిదప వలందపాలెము, సమాధిశిలలు, కోట, కడపట మంగినపూడి తీరమునకును వారిని గొనిపొండు. ఉప్పుగాలికి శిలాక్షరములు నానాఁట నరుగుచున్నవి. పాలెముల పేరులు వృద్ధుల నోటనే యర్థముతో నిలిచియున్నవి. శిలను గాపాడుట ప్రభుత్వమునకుఁ జెల్లును. శబ్దమును గాపాడుట మనకుఁ జెల్లును. వలందశబ్దమున కర్థము తెలియని తరము వచ్చిననాఁడు వలందపాలెము నిలిచియుండియు లేనిదే యగును.