మైసూరు చకుముకి తుపాకి

హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడిలో మైసూరు రాజ్యపు కార్ఖానాల్లో తయారై, చకుముకి రాతి నిప్పురవ్వతో పేలే తుపాకులను ఈ పేరుతో పిలుస్తారు. వీటిలో సిపాయిల తుపాకులు, వేట తుపాకులు, పిస్తోళ్లు, నోరు వెడల్పుగా ఉండే ‘బుక్మార్’లు ఉన్నాయి. పాత ఆయుధాలు సేకరించేవారిలో వీటికున్న గిరాకీ అంతా ఇంతా కాదు. అందుకే వీటి చుట్టూ అల్లుకున్న కట్టుకథలకూ లెక్కలేదు. అమ్మేవాడు చెప్పే కథ కన్నా ఇనుము మీది ముద్రను, కొయ్య మీది అరుగుదలను నమ్మడం మేలు.

నేపథ్యం

బెంగళూరు పాత పేటలో కాటన్‌పేట, అక్కిపేట, చిక్కపేటల రద్దీ తప్పించుకుంటూ నడిచేవారికి ఇది ఒకప్పటి యుద్ధభూమి అన్న సంగతి తట్టదు. కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాను స్థానికులు హైదర్ అలీ కోట కట్టించిన రోజులతో ముడిపెట్టి చెబుతారు. ఆ సూఫీ కూడా కూలీలతో కలిసి రాళ్లు మోశాడని ఐతిహ్యం. 1791 మార్చి 7న బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన ఈ పేటను పట్టుకుంది. అదే నెల 21 రాత్రి కోట కూడా పడిపోయింది, కిల్లేదారు బహదూర్ ఖాన్ పోరాడుతూ చనిపోయాడు. కలాసిపాళ్యం వైపు టిప్పు ఆయుధాగారం ఒకటి ఇంకా నిలిచే ఉంది. మార్కెట్ దగ్గరి తారామండలపేట పేరును మైసూరు యుద్ధ రాకెట్ల తయారీతో జతచేసి చెబుతారు.

అప్పటికి దక్కనులో ఎక్కువగా వాడింది జామగి తుపాకి. నిప్పంటించిన జామగి వత్తిని రంజకానికి (రాజేసే మందుకు) తాకించి పేల్చాలి. వాన పడితే అంతే సంగతులు. చకుముకి తుపాకిలో ఆ బాధ తగ్గింది. గుర్రం (తుపాకి మీది సుత్తి) నోట పట్టిన రాయి ఉక్కు రేకును కొడుతుంది, రవ్వలు పళ్లెంలోని రంజకం మీద రాలుతాయి, ఆ మంట చెవి అనే చిన్న రంధ్రం గుండా పాకి గొట్టంలోని మందును పేలుస్తుంది. ఐరోపా సేనలు ఇలాంటి తుపాకులతోనే మైసూరు మీదికి వచ్చాయి. వాటిని కొని ఊరుకోకుండా సొంతంగా చేయించడం టిప్పు పట్టుదల. పారిస్‌కు పంపిన రాయబారులు 1788లో పదహారో లూయీని కలిసి, తిరిగి వస్తూ ఫ్రెంచి పనివాళ్లను వెంటబెట్టుకొచ్చారు. టిప్పు రాజధాని శ్రీరంగపట్నం తుపాకుల్లో ఫ్రెంచి పోలికలు కనబడటంలో వింతేమీ లేదు. పనితనం మాత్రం స్థానికులది. అసద్ ఖాన్ ముహమ్మద్ లాంటి పనివాళ్ల పేర్లు తుపాకుల మీదే ఉన్నాయి.

ముద్రలు చదవడం

ముందు కళ్లకు కనబడేది పులి. గొట్టం మీద, వెండి తొడుగుల మీద ‘బుబ్రీ’ అనే వంపు చారలు, గుర్రానికి పులి తల, కొన్ని చోట్ల దేవుని సింహానిదే విజయమన్న అర్థమిచ్చే అరబీ మాటలను పులి ముఖం ఆకారంలో తిప్పి రాసిన ముద్ర ఉంటాయి. చారలున్నంత మాత్రాన అది సుల్తాను చేతి తుపాకి అనుకోనక్కర్లేదు. చార చెక్కడం ఏ కాలంలోనైనా, ఎవరికైనా సాధ్యమే.

తేదీతో అంత తేలిగ్గా ఆడుకోలేరు. టిప్పు 1787 ప్రాంతంలో హిజ్రీ లెక్క పక్కనబెట్టి మౌలూదీ అనే సొంత శకం నడిపాడు. నాణేల మీద సంవత్సరం 1200 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 1215కు దూకింది. అంకెలను కూడా కుడి నుంచి ఎడమకు వేయించాడు. అంటే మౌలూదీ 1222, దాదాపు క్రీ.శ. 1794, మన అలవాటు ప్రకారం చదివితే 2221గా కనబడుతుంది. తుపాకి మీద ‘పటన్’ అన్న ఊరిపేరు, అంటే శ్రీరంగపట్నం, దాని పక్కన ఈ తిరగేసిన అంకెలు ఉండి, చెక్కిన గీత అంచులు కాలంతోపాటు మొద్దుబారి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. గీత పదునుగా, లోపల తెల్లగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

స్థితి పరిశీలన

అన్నిటికన్నా ముందు తుపాకిలో మందు దట్టించి ఉందేమో చూడాలి. ఇది వేళాకోళం కాదు. మూతివైపు నుంచి దట్టించే తుపాకులు ఆ పళంగా గోడకెక్కి, తరాలు మారినా అలాగే ఉండిపోయిన సందర్భాలున్నాయి. తేమ తగలని తుపాకి మందు ఎన్నేళ్లయినా పేలుతుంది. మందు దట్టించే గజాన్ని గొట్టంలోకి మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. గజం కొస చెవి రంధ్రం దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాలు తక్కువైతే లోపల ఏదో ఉన్నట్టే, అక్కడితో చేతులు వెనక్కి తీసుకోవాలి.

తర్వాత చెవి చుట్టూ ఇనుము చూడాలి. బాగా పేల్చిన తుపాకికి అక్కడ రంజకపు ఆవిరి తిన్న గుంటలుంటాయి. లాకు (పేల్చే యంత్రాంగం) కొత్తగా మెరుస్తూ, చెవి దగ్గర మాత్రం గుంటలుంటే రెండూ ఒక తుపాకివి కావు. 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చాలా చకుముకి తుపాకులను, రాయికి బదులు నిప్పు టోపీతో పేలే టోపీ తుపాకులుగా మార్చేశారు. ఈమధ్య వాటిని ధర కోసం మళ్లీ చకుముకికి తిప్పుతున్నారు. పూడ్చిన పాత రంధ్రాల మచ్చలు లాకు లోపలివైపు దొరుకుతాయి కనుక దాన్ని విప్పకుండా విలువ కట్టకూడదు. మడమ కొయ్యలో పురుగు తొలిచిన రంధ్రాలకన్నా ఉప్పుకాగితంతో రుద్దిన నునుపే ఎక్కువ నష్టం. తుప్పు ఆపొచ్చు, గీకేసిన ముద్రను తిరిగి తేలేం.

కర్మాగారపు రైఫిలుకు ఈ తంటా తక్కువ. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన .303 లీ ఎన్‌ఫీల్డ్, అదే మన త్రీనాట్‌త్రీ, తన జాతకం తనే మోస్తుంది. మడమ మొదట్లోని ఉక్కు పట్టీ మీద కిరీటం, కర్మాగారం పేరు, ఏడాది, నమూనా ఉంటాయి. బోల్టు మీది సంఖ్యా, రైఫిల్ మీది సంఖ్యా ఒకటేనా అని చూస్తే సగం పని అయినట్టే. మైసూరు తుపాకిలో ప్రతి మరా చేత్తో కోసింది. ఒకదాని మర మరోదానికి పట్టదు. ఏ మర సులువుగా, వదులు లేకుండా బిగుస్తుందన్నదే అక్కడ సాక్ష్యం.

చేతులు మారిన తీరు

1799 మే 4న బ్రిటిష్ సేనల చేతిలో శ్రీరంగపట్నం పడిపోయింది. కోటలో దొరికిన తుపాకులు దాదాపు లక్ష అని నాటి లెక్క. సిపాయిల తుపాకులను ఎవరూ దాచుకోలేదు, వెండి తొడుగులవి మాత్రం దోపిడి పంపకాల్లో అధికారుల ఇళ్లకు చేరాయి. మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ కుటుంబం పోగుచేసినవి వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉన్నాయి. అలా దక్కినవే నేడు వేలాల్లోకి వస్తున్నాయి. 2019లో ఇంగ్లాండ్‌లో ఒక ఇంటి అటక మీద దొరికిన, కంపెనీ అధికారి మేజర్ థామస్ హార్ట్ తెచ్చుకున్న టిప్పు తుపాకి 60 వేల పౌండ్లు పలికింది. ఈ తుపాకుల మీద రాబిన్ విగింగ్‌టన్ 1992లో వెలువరించిన పుస్తకమే నేటికీ ఆధారం. ఆయన సొంత సేకరణ 2005లో సోథెబీస్‌లోను, మరికొంత 2015లో బోన్‌హమ్స్‌లోను అమ్ముడైంది.

రాయలసీమలో పాత తుపాకి కనబడగానే మైసూరుదని తేల్చేయడం తొందరపాటే. గుత్తి, గుర్రంకొండల దాకా హైదర్ అధికారం సాగిన మాట నిజమే కానీ, పాలెగాళ్ల దగ్గర సొంత జామగి తుపాకులు విరివిగా ఉండేవి. వంశ కథ కన్నా నాటి రసీదో, ఉత్తరమో, ఫొటోయో ఉంటే ఆ తుపాకికి బలం.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధానికి మినహాయింపు ఉంది. పేలే స్థితిలో ఉన్నదానికి ఆ మినహాయింపు వర్తించదు. వందేళ్లు దాటిన తుపాకి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు, వ్యాపారానికి లైసెన్సు కావాలి. ఈ కారణంగానే లండన్ వేలంలో పలికే ధరను బట్టి ఇక్కడి తుపాకికి వెల కట్టడం కుదరదు.