ఏక్‌తర్‌ఫా మొహబ్బత్ - లెక్క ఎవరి ఖాతాలో?

ఒక్కసారి కూడా కలవని మనిషి పోతే ఏడవటం, అతను గెలిస్తే మనమే గెలిచినట్టు చాయ్ తాగించటం, అతని మీద మాట పడితే తగువుకి దిగటం - ఇది లోకంలో అందరికీ వున్నదే. దీన్ని మేం ఏక్‌తర్‌ఫా మొహబ్బత్ అంటాం. ఒకవైపు ప్రేమ. వాళ్ల సంగతులన్నీ మనకి తెలుసు. మనం వున్నట్టు కూడా వాళ్లకి తెలియదు. 1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికా పరిశోధకులు ఈ బంధాన్ని పారాసోషల్ అన్నారు. రేడియోలో, టీవీలో ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడేవాళ్లతో జనం పెంచుకునే చనువు గురించి వాళ్లు రాశారు.

ఆ పేరు పుట్టకముందే ఆ చనువు మా ఇళ్లలో వుంది. రేడియో సిలోన్‌లో 1952 నుంచి బినాకా గీత్‌మాలా వినిపించిన అమీన్ సయానీ ముందు బెహనోం అని, ఆ తర్వాతే భాయియోం అని పిలిచేవారు. బయటి మగవాడి పలకరింపు ఎరగని ఆడవాళ్లకి అది తమ కోసమే వచ్చిన పిలుపు.

మరి ఈ ప్రేమ విషయంలో అందరూ, మేమూ ఒకటేనా? ప్రేమ ఒకటే. దానికి కట్టే లెక్కే వేరు. మేం చెప్పదలచుకున్నది ఆ లెక్క గురించే.

మొదటి లెక్క పేర్లతో మొదలైంది. పెషావర్‌లో పుట్టిన యూసుఫ్ ఖాన్ 1944లో తెర మీదికి దిలీప్ కుమార్‌గా వచ్చాడు. ముంతాజ్ జహాఁ మధుబాల అయింది. మెహజబీన్ మీనాకుమారి అయింది. దేశమంతా ఆ కొత్త పేర్లని ప్రేమించింది. మేం పాత పేర్లని కూడా ప్రేమించాం. దిలీప్ సినిమాకి పోయి యూసుఫ్ భాయ్‌ని చూసొచ్చామని చెప్పుకున్నాం. దాచిన పేరుని గుండెల్లో దాచుకోవటం మా అభిమానంలో సగం. 1955లో ‘రోజులు మారాయి’లో నాట్యం చేసి తెలుగువాళ్లకి తెలిసిన వహీదా రెహమాన్, బొంబాయిలో పేరు మార్చుకోమంటే ఒప్పుకోలేదు. అందుకే ఆమె అంటే మా ఆడవాళ్లకి ఇంకో పిసరు ఎక్కువ ఇష్టం.

ఈ ప్రేమ మావాళ్ల దగ్గరే ఆగలేదు. కృష్ణుడి వేషంలో రామారావుని చూడటానికి బెంచీ టికెట్ కోసం తోసుకున్నవాళ్లలో టోపీలూ వున్నాయి, బురఖాలూ వున్నాయి. 1969లో ‘భలే తమ్ముడు’లో అదే రామారావుకి మహమ్మద్ రఫీ పాడారు. తెలుగు మాతృభాష కాని గొంతు తెలుగు పలుకుతుంటే, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మాకు మా బతుకే పాటై వినిపించింది. ఆ ప్రేమకి ఎవరూ రసీదు అడగలేదు.

రసీదు అడగటం ఎట్లా వుంటుందో అజహరుద్దీన్ కథ చెబుతుంది. 1984 డిసెంబర్ 31న కలకత్తాలో ఇంగ్లండ్ మీద మొదలైన టెస్టుతో మా హైదరాబాద్ కుర్రాడు బరిలోకి దిగాడు. 110 పరుగులు చేశాడు. తర్వాత మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. 1990 నాటికి కెప్టెన్. మణికట్టు తిప్పి బంతిని లెగ్ సైడుకి పంపే ఆ ఒడుపుని గల్లీ గల్లీలో పిల్లలు అనుకరించారు. కాలర్ ఎత్తుకోవటం కూడా నేర్చుకున్నారు.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఆ రోజు భారత జట్టు దక్షిణాఫ్రికాలో వుంది. మరునాడే కేప్‌టౌన్‌లో వన్డే. ఇక్కడ ఊళ్లకి ఊళ్లు కర్ఫ్యూలో వుంటే, అక్కడ జట్టుని నడిపిస్తున్నవాడు ముస్లిం. ఆ మాట మాకు చాలాసార్లు వినిపించారు. ‘మీవాడే కదా కెప్టెన్, ఇంకేం కావాలి?’ అని. మావాళ్లూ అదే మాటని డాలుగా పట్టుకున్నారు. ‘మా అజహర్‌ని చూడండి, మేం దేశానికి ఆడటం లేదా?’ అని. 1991 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు పదికోట్ల మంది ముస్లింలు. పదికోట్ల మంది భయానికి ఒక బ్యాట్స్‌మన్ జవాబు ఎట్లా అవుతాడు? అతని పని పరుగులు తీయటం. అంత బరువు అతను అడగలేదు. రెండు వైపులా కలిసి ఎత్తారు.

2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చాయి. మైనారిటీ కాబట్టే తనను గురిపెట్టారని అజహర్ అన్నాడు, ఆ మాట మీద విమర్శలూ వచ్చాయి. అన్నేళ్లు ఏకపక్షంగా సాగిన ప్రేమ ఖాతాలోంచి అభిమాన పాత్రుడే తీసి వాడుకోవాలని చూసిన సందర్భం అది. డిసెంబర్‌లో క్రికెట్ బోర్డు అతని మీద జీవితకాల నిషేధం వేసింది. 99 టెస్టుల దగ్గర ఆట ఆగిపోయింది. ఆఖరి టెస్టులోనూ సెంచరీ చేశాడు, 102.

అదే డిసెంబర్‌లో అజయ్ శర్మ మీద కూడా జీవితకాల నిషేధం పడింది. అజయ్ జడేజా మీద అయిదేళ్లు. వాళ్ల కులం వాళ్లని, మతం వాళ్లని ఎవరైనా నిలబెట్టి ‘మీవాడు ఇట్లా చేశాడేం?’ అని అడిగారా? ఆఫీసుల్లో, బస్సుల్లో, హోటళ్లలో మావాళ్లని అడిగారు. గెలిచినప్పుడు అతను భారత కెప్టెన్. నింద పడ్డప్పుడు మీవాడు. జడేజా నిషేధాన్ని 2003లో ఢిల్లీ హైకోర్టు, అజహర్ నిషేధాన్ని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేశాయి. మావాళ్లని అడిగినవాళ్లు ఆ తీర్పు వచ్చాక తిరిగొచ్చి ఏమీ అనలేదు.

దిలీప్ కుమార్‌కీ ఇది తప్పలేదు. 1998లో పాకిస్తాన్ ఆయనకి నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చింది. మరుసటేడు కార్గిల్ యుద్ధం వచ్చేసరికి దాన్ని వాపసు చెయ్యమని శివసేన పట్టుబట్టింది. ప్రధాని వాజపేయిని కలిసి మాట్లాడాక ఆయన దాన్ని వుంచుకున్నారు. యాభై ఏళ్లకి పైగా తెర మీద దేశాన్ని ఏడిపించిన మనిషిని కూడా డెబ్బై ఆరేళ్ల వయసులో దేశభక్తి పరీక్షకి కూర్చోబెట్టారు. పేరు మార్చుకున్నా ఆ పరీక్ష తప్పలేదు.

ఇప్పుడు కాలం మారిందంటారు. 2020 నవంబర్‌లో జట్టు ఆస్ట్రేలియాలో వుండగా మహమ్మద్ సిరాజ్ తండ్రి హైదరాబాద్‌లో పోయారు. ఆటో నడిపి కొడుకుని పెంచిన మనిషి. సిరాజ్ ఇంటికి రాలేదు, ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వినిపిస్తుంటే కన్నీళ్లు కారాయి. నాన్న గుర్తొచ్చారన్నాడు. ఆ కన్నీళ్లని దేశభక్తి సర్టిఫికెట్‌గా చూపించినవాళ్లున్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో జట్టంతా ఓడితే, మహమ్మద్ షమీని మతం పేరు పెట్టి తిట్టినవాళ్లూ వున్నారు. నాన్న కోసం ఏడ్చిన ఏడుపు కూడా సాక్ష్యమే, బౌలింగ్ బాగా పడని రోజు కూడా సాక్ష్యమే.

కాబట్టి మేం అడిగేది పెద్దదేం కాదు. ఏక్‌తర్‌ఫా మొహబ్బత్ తప్పు కాదు. పేదవాడికి దొరికే చవకైన సంతోషాల్లో అదొకటి. ఆ ప్రేమని అందరికీ మల్లే మమ్మల్నీ చేసుకోనివ్వండి. మా పిల్లలకీ ఒక మాట. సిరాజ్ బంతిని ఇష్టపడండి, అతని పరుగుని ఇష్టపడండి. మీ తరఫున జవాబు చెప్పమని మాత్రం అతన్ని నిలబెట్టకండి. రేపు అతనికి వికెట్ పడకపోతే, ఆ సాయంత్రం చాయ్ హోటల్లో ‘ఇవాళ బౌలింగ్ బాగోలేదు’ అని మామూలుగా అనుకుని, మామూలుగా ఇంటికి వెళ్లగలిగే హక్కు మాకూ కావాలి.