భయం ఎవరి సరుకు? బుష్‌విక్ బిల్ జీవితం, మన మాతంగి

కోడుమూరు సీమలో దేవర అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. దున్నపోతును నరికినాక ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని, అంటే పొలిని, నడిరేయి ఊరి పొలిమేర పొడుగునా చల్లుకుంటూ పోయే పని దళితునిది. దయ్యాలకు ఎదురు పోవాల్సింది అతను. తలుపులేసుకొని పడుకునేది ఊరు. ఇంక మాతంగి సంగతి. పూనకంలో ఆమె పెద్దకులాల మొగోళ్లను నోటికొచ్చినట్టు తిట్టేది, మీద ఉమ్మేది. ఆ ఉమ్మి తగిలితే పవిత్రమవుతామని వాళ్లు తలొంచుకొని నిలబడేవాళ్లు. ఎమ్మా క్లఫ్ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకంలోనూ, 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ మాతంగి ప్రస్తావన ఉంది. తెల్లారితే అదే ఆడమనిషి మళ్లీ అంటరానిది.

అణగదొక్కబడ్డ మనిషి గొంతుకు భయపెట్టే అనుమతి దొరికితే దాన్ని తిరుగుబాటు అనాలా? లేక ఊరు తన భయాన్ని అతని నెత్తిన పెట్టి మోయిస్తోందనాలా? ఈ ప్రశ్నను మేము అమెరికా నల్లజాతి గాయకుడొకరి జీవితంలో పెట్టి చూడదలిచాం. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు నల్ల పాంథర్ల పేరు తెచ్చుకున్నప్పటి నుంచీ మన చూపు అటువైపు ఉంది గానీ, మనం చదివింది వాళ్ల కవులనూ నాయకులనూ. బూతుపాటలని పక్కన పడేసినవాటి జోలికి పోలేదు.

అతని అసలు పేరు రిచర్డ్ స్టీఫెన్ షా. 1966 డిసెంబరు 8న జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. న్యూయార్క్‌లోని బుష్‌విక్ పేటలో పెరిగాడు, పేరు అక్కడిదే. మరుగుజ్జు. ఎత్తు మూడడుగుల ఎనిమిది అంగుళాలు. హ్యూస్టన్ నగరంలో ర్యాప్-ఎ-లాట్ అనే నల్లవాళ్ల రికార్డు కంపెనీ గెటో బాయ్స్ అనే బృందాన్ని నిలబెట్టినప్పుడు ఇతను అందులో ముందు పాటగాడు కాదు, ఆటగాడు. జనం చూసి నవ్వడానికో నోరెళ్లబెట్టడానికో వేదిక మీదికి తెచ్చిన ఒళ్లు. ఆ తరవాతనే మైకు చేతికొచ్చింది.

ర్యాప్ అంటే దరువు మీద మాటను పరిగెత్తించడం. తప్పెట మీద కథ నడిపినోళ్లకు దీన్ని విప్పి చెప్పే పని లేదు. అందులో హత్యలు, పిచ్చి, పీనుగులు, దయ్యాల సినిమాల సరుకు నింపితే దానికి తరవాత హారర్‌కోర్ అని పేరొచ్చింది. స్కార్‌ఫేస్, విల్లీ డి, బిల్ కలిసి 1989లో తెచ్చిన ఆల్బంలో ఒక ఉన్మాది నోట పలికించిన పాటుంది. దాన్నీ మరికొన్నింటినీ కలిపి 1990లో రిక్ రూబిన్ కొత్తగా విడుదల చేయబోతే, పంపిణీ చేయాల్సిన గెఫెన్ కంపెనీ మేము చేయం పొమ్మంది. హింస, ఆడవాళ్ల మీద ద్వేషం ఎక్కువైందట. అదే గెఫెన్ 1986లో స్లేయర్ అనే బృందం నరమేధపు పాటలను పంపిణీ చేసింది. ఆ బృందంలో నల్లవాళ్లు లేరు. చీకటి గురించి ఎవరు పాడితే కళ అవుతుందో, ఎవరు పాడితే నేరమవుతుందో ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాల?

1991. మనకు అది చుండూరు సంవత్సరం. అదే ఏడు తాగిన మైకంలో, ప్రియురాలితో గొడవలో తుపాకి పేలి బిల్ కుడికన్ను పోయింది. ఆస్పత్రిలో స్ట్రెచర్ మీదున్న మనిషి పక్కన మిగతా ఇద్దరినీ నిలబెట్టి, కంటికట్టు తీయించి, ఫొటో తీసి ఆల్బం అట్టమీద వేశారు. చిల్లుపడ్డ కన్ను అట్టబొమ్మ అయింది. ఆల్బం పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ బొమ్మ చూస్తే ఇప్పటికీ బాధేస్తుందని అతను తరవాత చెప్పుకున్నాడు. పుండును సరుకు చేసిన ఆ కంపెనీ తెల్లవాళ్లది కాదు, నల్లవాళ్లదే. ఈ మాట దాటేసి పోయే చరిత్ర మాకొద్దు.

ఆ ఆల్బంలోని ‘మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ’ బిల్‌బోర్డ్ జాబితాలో 23వ స్థానానికి ఎక్కింది. మా అంచనాలో వాళ్ల పాటలన్నింట్లో నిలిచేది ఇదే. ఎందుకంటే ఇందులో భయపెట్టేవాడే భయపడతాడు. నిద్రపట్టదు, ఎవరో వెంటపడుతున్నట్టుంటది. చివరి చరణంలో బిల్ హాలోవీన్ రాత్రి ఓ పెద్ద ఆకారాన్ని గుద్దుతాడు. తీరా చూస్తే అక్కడ మనిషి లేడు, పిడికిళ్లు నెత్తురోడేలా గుద్దింది సిమెంటు నేలని. అయితే ఆ చరణం కూడా తానే రాశానని స్కార్‌ఫేస్ చెప్పాడు. అదే ఆల్బంలో హంతక బొమ్మ చుక్కీ పేరు మీద బిల్ పాడిన పాటకూ మాటలు ఇంకొకరివే. ఒళ్లు అతనిది, కన్ను అతనిది, మాట ఇంకొకరిది. 1992లో సొంత ఆల్బం తెచ్చాకనే కన్నుపోయిన కథను తన నోటితో తాను చెప్పుకోగలిగాడు.

నల్లవాళ్ల పాట కాబట్టి అన్నింటినీ వెనకేసుకు రావాలా? మేము ఒప్పుకోం. మాతంగి తిట్టు పైకి పోయేది, కులం ఉన్నోని మొహం మీద పడేది. ఉన్మాది పాటలోని కత్తి కిందికి దిగింది, ఆడదాని మీదికి. అట్లాగని మాతంగిని నెత్తిన పెట్టుకోవడమూ కుదరదు. ఆ ఒక్కరాత్రి నోటికి ఆమె బతుకంతా వెల కట్టించారు. జోగిని, బసివి, మాతమ్మ పేర్లతో ఆడపిల్లలను వదలడాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. పూనకంలో పలికిన మాటకు తెల్లారినాక విలువ లేదు. పూనింది అమ్మవారు, ఆమె కాదు గదా! బిల్‌కూ అంతే. భయపెట్టినంతసేపూ అతను బుష్‌విక్ బిల్. రిచర్డ్ షా ఏమనుకుంటున్నాడని అడిగినోళ్లు తక్కువ.

2000ల నడుమ అతను క్రైస్తవ విశ్వాసంలోకి పోయి, 2009లో సాక్ష్యం చెప్పే ఆల్బం తెచ్చాడు. దయ్యాల పాటకున్న గిరాకీ దానికి రాలేదు. మాదిగవాడల్లో చర్చిలు లేచిన తీరు ఎరిగిన మనకు ఈ మలుపు వింతగా తోచదు, అది వేరే వ్యాసం. 2019లో క్లోమ క్యాన్సర్ అని బయటపెట్టాడు. గెటో బాయ్స్ ఆఖరి వీడ్కోలు పేరుతో కచేరీలు ప్రకటిస్తే, తన రోగాన్ని అమ్ముకుంటున్నట్టుందని తప్పుకున్నాడు. కన్ను పోయినప్పుడు అనలేకపోయిన మాట అది. 2019 జూన్ 9న చనిపోయాడు. 52 ఏళ్లు.