ఆల్డ్ లాంగ్ సైన్ పాటమెట్టు: దాని పుట్టుపూర్వోత్తరములు

పాటకుఁ గర్త తెలిసినంతమాత్రమున దాని మెట్టునకును గర్త తెలిసినట్లు కాదు. స్కాట్లండు మహాకవి రాబర్టు బర్న్సు (1759–1796) పేరిటఁ బ్రసిద్ధమైన ‘ఆల్డ్ లాంగ్ సైన్’ ఇందులకుఁ దార్కాణము. ‘చాలకాలము క్రిందటి దినములు’ అని ఆ మాటల భావము. సంవత్సరాంతమునను, మిత్రులు విడిపోవు వేళలందును దీనిని బాడుదురు. కాని నేఁడు వినఁబడు మెట్టు ఈ పాటకొఱకుఁ బుట్టినది కాదు. అది ఫిడేలువాండ్రు నాట్యమునకై వాయించిన మెట్టు.

పాట సంగతి ముందు విచారింపవలయును. ఈ పల్లవి మాటలతోఁ గూడిన పూర్వకవిత యొకటి 1711లో జేమ్సు వాట్సను ప్రకటించిన సంపుటమునఁ గలదు. దానికిఁ జెందిన పాతమెట్టును హెన్రీ ప్లేఫర్డు 1700లో లండనునందు అచ్చొత్తించెను. బర్న్సు 1793లో జార్జి టామ్సనునకు వ్రాసిన జాబులో, పాటను ఒక వృద్ధుఁడు పాడఁగా విని వ్రాసికొంటినని చెప్పి, మెట్టు మాత్రము సామాన్యమైన దనెను. జేమ్సు జాన్సను ‘స్కాట్స్ మ్యూజికల్ మ్యూజియం’ అయిదవ సంపుటమున 1796లో పాట పాతమెట్టుతోనే వెలువడెను. టామ్సను 1799లోఁ దన సంపుటమున దీనికి వేఱొక మెట్టును జేర్చెను. లోకమున నిలిచినది అదియే. బర్న్సు 1796 జూలైలోనే మరణించెను గావున ఈ మెట్టుతో నచ్చుపడిన తన పాటను జూడలేదు.

ఈ రెండవ మెట్టు ఎచ్చటిది? రాబర్టు బ్రెమ్నరు 1757 మొదలు 1761 వఱకు ఎడింబరోలో భాగభాగములుగాఁ బ్రకటించిన నాట్యపుమెట్ల సంపుటమున ‘ది మిల్లర్స్ వెడ్డింగ్’, అనఁగా పిండిమరవాని పెండ్లి, అను మెట్టు గలదు. అది ‘స్ట్రాత్‌స్పే’ జాతికిఁ జెందినది. స్పే నదీప్రాంతమునుబట్టి యీ పేరు వచ్చినది. ఛందమున వగణమువలె హ్రస్వస్వరము వెంట దీర్ఘస్వరము వచ్చి, ఊనిక హ్రస్వముపైఁ బడుట ఆ జాతి లక్షణములలో నొకటి. 1780లో ఆంగసు కమ్మింగు సంపుటమున నిదియే ‘మిల్లరు కూఁతురు’ అయ్యెను. ‘సర్ అలెగ్జాండర్ డాన్’ అనియు దీనికొక పేరు గలదు. బర్న్సే 1792లో మఱియొక పాటకు దీని రూపాంతరము నుపయోగించెను.

విలియం షీల్డు రచించిన ‘రొసీనా’ అను సంగీతరూపకము 1782 డిసెంబరు 31వ తేదిని లండను కావెంటు గార్డెను రంగమునఁ బ్రదర్శింపఁబడెను. దాని ప్రస్తావన సంగీతపుఁ జివర నీ మెట్టు వినఁబడుటచేఁ గర్తృత్వము షీల్డుదే యని కొందఱు వాదించిరి. బ్రెమ్నరు పాఠము నేఁటిదానితో స్వరస్వరమును సరిపడదనుట నిజమే. కాని తాళపత్రప్రతులను బోల్చి చూచు పండితులకుఁ బాఠభేద మున్నంతమాత్రమున మూలము వేఱు గాదని తెలియును. బ్రెమ్నరు ముద్రణము రొసీనాకు ఇరువదేండ్లకుఁ బైగాఁ బూర్వము. అదియుఁ గాక, షీల్డు అచ్చట స్కాట్లండు తిత్తిసన్నాయి ధోరణి ననుకరించుచుండెను. అనుకరించువాఁడు ఆ దేశపు మెట్టునే గ్రహించెననుట యుక్తతరము.

ఈ మెట్టున మధ్యమ నిషాదములు లేవు. మన మోహనరాగమునందువలె స, రి, గ, ప, ద అను నైదుస్వరములే కలవు. ఇట్టి స్వరశ్రేణులు పలుజాతులకుఁ బరిచితములు. 1881 నాఁటికి జపాను పాఠశాలల పాటగా నిది చేరెను. 1948కిఁ బూర్వము కొరియావారు తమ దేశభక్తిగీతమును, 1972 వఱకు మాల్దీవులవారు తమ జాతీయగీతమును ఈ మెట్టుననే పాడిరి. రవీంద్రనాథఠాకూరు ‘పురానో సేయ్ దినేర్ కథా’ అను వంగగీతమున కిదియే యాధారము.

కావున ఈ మెట్టునకు బర్న్సు కర్త గాఁడు, షీల్డును గాఁడు. బ్రెమ్నరు ముద్రాపకుఁడు, టామ్సను సంయోజకుఁడు మాత్రమే. పెండ్లిండ్లలో నృత్యములకు వాయించి, చేతినుండి చేతికి మార్చుచు దీనిని దిద్దిన ఫిడేలువాండ్ర పేళ్లు ఏ సంపుటమునను లేవు. గ్రంథస్థమైన పేరునే కర్తగా నిర్ణయించువారు ఈ చరిత్రమును గమనింపఁదగును.