ట్రయాంగిల్ అగ్నిప్రమాదం – కార్మిక సంస్కరణలు

అమెరికా చరిత్రలో 1890ల నుంచి 1920 వరకు గల కాలాన్ని స్థూలంగా ప్రగతిశీల యుగం అంటారు. ఈ యుగంలో సంస్కరణలు ఏ విధంగా చట్టరూపం దాల్చాయో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

1909లో న్యూయార్క్ దుస్తుల కార్మికులు పెద్ద సమ్మె చేశారు. అయినా ట్రయాంగిల్ కంపెనీ కార్మిక సంఘాన్ని గుర్తించలేదు. 1911 మార్చి 25న ఆ కర్మాగారంలో మంటలు చెలరేగి 146 మంది మరణించారు. వీరిలో అత్యధికులు ఇటలీ, తూర్పు ఐరోపాల నుంచి వలస వచ్చిన యువతులు. తొమ్మిదో అంతస్తులో మెట్లకు దారితీసే ఒక తలుపుకు తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. తాళం సంగతి యజమానులకు తెలుసునని నిస్సందేహంగా రుజువు కానందున జ్యూరీ వారిని నిర్దోషులుగా ప్రకటించింది.

న్యాయస్థానంలో దక్కని న్యాయం కోసం సంస్కర్తలు శాసనసభపై ఒత్తిడి తెచ్చారు. రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం కర్మాగారాలను స్వయంగా తనిఖీ చేసింది. దాని సిఫారసుల ఫలితంగా అగ్నిరక్షణ, పారిశుద్ధ్యం, పనిగంటలపై పలు చట్టాలు వచ్చాయి. ప్రమాదాన్ని కళ్లారా చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఈ సంఘం కోసం పనిచేశారు. 1933లో అమెరికా తొలి మహిళా కేబినెట్ మంత్రి అయ్యారు.

అయితే ఇటువంటి కర్మాగార చట్టాల రక్షణ పొలాల్లోను, ఇళ్లలోను పనిచేసేవారికి అందలేదు. దక్షిణాది నల్లజాతి శ్రామికుల్లో అధికులు ఆ పనుల్లోనే ఉండేవారు. ప్రగతిశీల సంస్కరణల ప్రధాన పరిమితుల్లో ఇది ఒకటి.