జొన్న రొట్టె నుంచి తెల్లన్నం దాకా

కూర ఎంత కమ్మగా వండినా, మన శాకాహార భోజనంలో ఒంటికి శక్తి ఎక్కువగా ఇచ్చేది ధాన్యమే. ఆ ధాన్యం మా అత్తమ్మ కళ్లముందే మారిపోయింది. మెదక్ వైపు పల్లెలో ఆమె చిన్నప్పుడు రోజూ జొన్న గటక, జొన్న రొట్టె. వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది, కుటుంబానికి నెలకు 25 కిలోల దాకా. బోర్లు పడి వరి కూడా పెరిగింది. జొన్న చేలు తగ్గిపోయాయి.

ఇప్పుడు మా యూసుఫ్‌గూడలో సాయంత్రమైతే రోడ్డు పక్క జొన్న రొట్టెల కోసం జనం నిలబడుతున్నారు. షుగరున్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు. నిజానికి కేలరీల్లో తేడా కొంచెమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల బియ్యంలో సుమారు 356, జొన్నల్లో 334. పీచు మాత్రం జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో 3 లోపే.

"పాత తిండే మంచిది, చేజేతులా వదులుకున్నాం" అని ఇంట్లో మగవాళ్లు అంటే అత్తమ్మ ఊరుకోదు. తెల్లారక ముందే లేచి ఇసుర్రాయి తిప్పిందెవరు? వేడినీళ్లతో పిండి పిసికి ఇంటిల్లిపాదికీ ఒక్కో రొట్టె తట్టిందెవరు? రేషన్ బియ్యమైతే మిల్లాడించి వచ్చేవి, కడిగి ఎసట్లో పోస్తే సరి. "ఆ బియ్యమొచ్చినంకనే నా రెక్కలకు సుఖమైంది" అంటుంది. సబ్సిడీ గురించి రాసినవాళ్లు ఈ లెక్క ఎందుకు వేయరో!

మా ఇంట్లో ఇప్పుడు వారానికి మూడు రాత్రులు రొట్టెలే. పిండి గిర్నీలో పట్టిస్తాం. తట్టేది మావారు. మొదట్లో అన్నీ విరిగేవి, ఇప్పుడు పర్వాలేదు.